ఈ పాఠం ఎవరికి?

సినిమా హాల్లో లైట్లు ఆరగానే ముకేశ్ వచ్చేవాడు. గుర్తుండే ఉంటుంది. గుట్కా నమిలి నోటి క్యాన్సర్ తెచ్చుకుని, 2009లో ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 24 ఏళ్ళకే చనిపోయిన కుర్రాడు. చనిపోయే ముందు కెమెరా వైపు చూసి తన పేరు చెప్పుకున్నాడు. తన లాంటి వాళ్ళు మరికొందరు తనలాగా కాకూడదని ఆ నాలుగు మాటలు మాట్లాడి ఉంటాడు. ఆ మాటల్ని ఎన్నో భాషల్లోకి మార్చి, ప్రతి ఆటకూ ముందు, ఇంటర్వెల్‌కూ ముందు వేశారు. ఏడాది తిరిగేసరికి అతను నోరు తెరవగానే వెనక వరసలోంచి ఎవడో ఒకడు డైలాగు ముందే చెప్పేయడం, హాలంతా నవ్వడం మొదలైంది. తర్వాత మీమ్ అయ్యాడు. పొగతాగడం మీద వచ్చిన ఇంకో ప్రకటనలోని ప్రశ్న ఏకంగా 2018లో ఒక కామెడీ సినిమాకి పేరయింది: ‘ఈ నగరానికి ఏమైంది’.

ఇందులో తప్పు మన తరానిదే అనుకోవడం తేలిక. చావును చూసి నవ్వే మొద్దు మనుషులం అని. నాకు మాత్రం ఆ నవ్వులో ఇంకో సంగతి వినపడుతుంది. ఆ హాల్లో కూర్చున్న వాళ్ళలో ఒక్కరికీ ముకేశ్ ఏ ఊరివాడో, ఏం పని చేసేవాడో, ఇంట్లో ఎవరున్నారో తెలియదు. మనకు చూపించింది మనిషిని కాదు, మనిషిలోంచి తీసిన ఒక ముక్కని. ముక్కని వందోసారి చూస్తే మిగిలేది విసుగే. విసుగు నవ్వుగా మారడానికి ఎంతసేపు?

కాబట్టి నా ప్రశ్న ఇది. ఒకరి చావుని, ఒక ఇంట్లో జరిగిన నష్టాన్ని, పిల్లలకు పాఠంగా మార్చొచ్చా? మారిస్తే ఆ పాఠంలో చనిపోయిన మనిషికి ఏమవుతుంది? ముఖ్యంగా మత్తు విషయంలో, ఈ మధ్య ప్రతి స్కూల్లో, ప్రతి కాలేజీలో జరుగుతున్న అవగాహన సదస్సుల విషయంలో.

ఈ ప్రశ్న నాకు పుస్తకంలో దొరికింది కాదు. మాది ఆత్మకూర్ (ఎస్). సూర్యాపేట పక్క మండలం. ఆ బ్రాకెట్లో ‘ఎస్’ ఎందుకని హైదరాబాదు మిత్రులు అడుగుతుంటారు. ఎస్ అంటే సూర్యాపేటే. భువనగిరి వైపు ఇంకో ఆత్మకూర్ ఉంది, దానికి బ్రాకెట్లో ‘ఎం’. ఆ ఒక్క అక్షరం లేకపోతే మా ఊరికి రావాల్సిన కాగితం ఇంకో ఊరికి పోతుంది. మా చిన్నమ్మ కొడుకు, నాకు తమ్ముడు, మూడేళ్ళ కింద చనిపోయాడు. అప్పటికి వాడికి ఇరవై రెండు. పాలిటెక్నిక్ సగంలో ఆపేసి హైదరాబాదులో డెలివరీ పని చేసేవాడు. గంజాయి తాగేవాడు, అది మాకు తెలుసు. ఏవో మాత్రలు కూడా అలవాటయ్యాయని తర్వాత తెలిసింది. ఒక రాత్రి హైవే మీద, ఆగి ఉన్న లారీని వెనక నుంచి బైకుతో గుద్దాడు. జేబులో చిన్న పొట్లం దొరికింది. పోస్ట్‌మార్టం కాగితంలో తలకు గాయం అని ఉంది. అంతకుమించి ఏమీ లేదు. ఆ రాత్రి వాడు మత్తులో ఉన్నాడో, పద్నాలుగు గంటలు బండి నడిపిన అలసటలో ఉన్నాడో, రోడ్డు పక్కన దీపాలార్పి నిలబెట్టిన ఆ లారీ ఎవరికీ కనపడేది కాదో, మాకు తెలియదు. ఊరికి మాత్రం మర్నాడే తెలిసిపోయింది: గంజాయి చంపింది.

ఒక జూన్ నెలలో దగ్గర్లోని ఒక స్కూలు వాళ్ళు చిన్నమ్మను పిలిచారు. జూన్ 26 మాదకద్రవ్యాల వ్యతిరేక దినం. ఐక్యరాజ్యసమితి 1987లో నిర్ణయించిన రోజు. ‘మీలాంటి తల్లి నాలుగు మాటలు చెప్తే పిల్లల మీద పని చేస్తది’ అన్నారట. ఆమె నాకు ఫోన్ చేసింది. ‘కొడుకా, నాకు మైకుల మాట్లాడరాదు. నాలుగు ముక్కలు రాసియ్యి. సూసి సదువుత.’

రాయడానికి కూర్చున్నాను. మొదటి వాక్యం తేలిగ్గానే వస్తుంది. అందరికీ వచ్చే వాక్యమే. నా కొడుకు గంజాయికి బలయ్యాడు, మీరు అలా కావద్దు. ఆ వాక్యం దగ్గరే నా చెయ్యి ఆగింది. అది నిజమో కాదో మాకు తెలియదు మరి.

నిజం తెలియకపోతే ఏం, పిల్లలు భయపడి దూరంగా ఉంటే చాలదా అని అడగొచ్చు. చాలదని చెప్పడానికి బ్రిటన్‌లో జరిగిన ఒక సంగతి ఉంది. 1995 నవంబర్‌లో లియా బెట్స్ అనే అమ్మాయి తన పద్దెనిమిదో పుట్టినరోజు పార్టీలో ఎక్‌స్టసీ మాత్ర వేసుకుని కోమాలోకి వెళ్ళి చనిపోయింది. తండ్రి రిటైర్డ్ పోలీసు, సవతి తల్లి నర్సు. గొట్టాలతో మంచం మీదున్న కూతురి ఫోటోని వాళ్ళే పత్రికలకిచ్చారు. ఇంకో పిల్లకి ఇలా జరగకూడదని. ఆ తర్వాత దేశమంతా ఆమె నవ్వు ముఖంతో పెద్ద పెద్ద హోర్డింగులు వెలిశాయి. ఒక్క మాత్ర చాలు ప్రాణం పోవడానికి అన్నది వాటి సారాంశం. విచారణలో తేలింది వేరు. ఆ మాత్ర వేసుకున్నాక ఆమె ఒకటిన్నర గంటలో దాదాపు ఏడు లీటర్ల నీళ్ళు తాగింది. ఆ మందు శరీరంలోంచి నీళ్ళు బయటికి పోనివ్వదు. మెదడు వాచి చనిపోయింది. ఆ మాత్ర వేసుకోవడం ఆమెకు అదే మొదటిసారీ కాదు. నీళ్ళు బాగా తాగితే ఏమీ కాదు అన్న అరకొర సలహా అప్పటి కుర్రకారులో తిరుగుతుండేది. అంటే ఇంకో ప్రాణం కాపాడగలిగే వివరం ఆ చావులోనే ఉంది. హోర్డింగు మీద దానికి చోటు దొరకలేదు. వివరం పెడితే పాఠం బలహీనపడుతుంది కదా!

తల్లిదండ్రుల్ని నేను తప్పు పట్టను. ఆ స్థితిలో ఎవరైనా అదే చేస్తారు. కానీ పాఠం అనే రూపానికే ఒక గుణం ఉంది. దానికి ఒకే కారణం కావాలి, ఒకే దోషి కావాలి, చివర్లో ఒకే నీతి కావాలి. చావుకి అవేవీ ఒకటే ఉండవు. బ్రాకెట్లో అక్షరాన్ని కొట్టేస్తే తప్ప అది పాఠంలో ఇమడదు. అక్షరం కొట్టేశాక అది ఇంకో ఊరి కాగితం.

ఇక భయం సంగతి. అమెరికాలో 1978లో ‘స్కేర్డ్ స్ట్రెయిట్’ అని ఒక డాక్యుమెంటరీ తీశారు. న్యూజెర్సీలో ఒక జైలుకి దారి తప్పుతున్న కుర్రాళ్ళను తీసుకెళ్ళడం, యావజ్జీవ ఖైదీలు వాళ్ళ మీద అరిచి, జైల్లో తమకు జరిగేవన్నీ చెప్పి బెదరగొట్టడం. ఖైదీలు తమ పాడైపోయిన జీవితాల్నే పాఠంగా ఇచ్చారు. సినిమాకి ఆస్కార్ వచ్చింది. చాలా రాష్ట్రాలు అలాంటివి పెట్టాయి. తర్వాత పరిశోధకులు వెళ్ళిన వాళ్ళనూ వెళ్ళని వాళ్ళనూ పక్కపక్కన పెట్టి లెక్క తీస్తే, జైలు చూసొచ్చిన కుర్రాళ్ళే ఎక్కువ నేరాలు చేశారని తేలింది. పోలీసు యూనిఫాంలో క్లాసుకొచ్చి డ్రగ్స్ వద్దని చెప్పే ‘డేర్’ కార్యక్రమం 1983లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. దాని మీద ఏళ్ళ తరబడి జరిగిన అధ్యయనాల్లో పిల్లల వాడకం తగ్గినట్టు చెప్పుకోదగ్గ ఆధారం దొరకలేదు.

భయం పాఠం కాకుండా ఎందుకు పోతుంది? ఇంజనీరుగా నాకు తోచేది చెప్తాను. మా పనిలో ఒక సిస్టమ్ ప్రతి చిన్నదానికీ ఎర్ర అలర్టు ఇస్తే, నెల తిరిగేసరికి ఎవరూ అలర్టు చూడరు. గంజాయి ఒక్కసారి తాగితే చచ్చిపోతారు అని చెప్పిన క్లాసులోనే, నిన్న తాగి ఇవాళ నిక్షేపంగా కూర్చున్నవాడు ఒకడుంటాడు. పక్కవాడు వాడి వైపు చూస్తాడు. ఆ క్షణంలో మైకు ముందున్న మనిషి అబద్ధం చెప్తోందని క్లాసు మొత్తానికి తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆమె చెప్పే నిజాలు కూడా పోతాయి. మాత్రల గురించి, మందులో ఇంకో మందు కలిపితే ఊపిరి ఆగిపోవడం గురించి, నిజంగా భయపడాల్సిన వాటి గురించి చెప్పినా వినరు.

మూడోది, చనిపోయినవాడు. మనిషిని కేవలం ఇంకో పనికి సాధనంగా వాడుకోకూడదు అన్నాడు కాంట్. బతికున్నవాడైతే వద్దనగలడు. చనిపోయినవాడు అనలేడు. స్కూలు వాళ్ళు ఫ్లెక్సీకి మా తమ్ముడి ఫోటో అడిగారు. చిన్నమ్మ ఒక్క మాటతో తేల్చేసింది. ‘నా దగ్గర ఉన్నయన్ని వాడు నవ్విన ఫోటోలే. ఆ నవ్వు కింద గంజాయి అని రాస్తరు. నేనియ్య.’

కాంట్‌కి ఎన్ని పేజీలు పట్టిందో నాకు తెలుసు. ఆమెకు మూడు వాక్యాలు పట్టింది.

అయితే మాట్లాడటం మానేయాలా? ఇక్కడ నేను తేలిగ్గా అవునని చెప్పలేను. కొడుకు పోయిన తల్లికి ఆ చావు దేనికైనా పనికొచ్చిందని అనిపించడం చిన్న విషయం కాదు. అర్థం లేని చావుని ఇంట్లో పెట్టుకుని బతకడం ఎంత కష్టమో ఆ ఇంటికి పోయినప్పుడల్లా చూస్తున్నాను. ‘నా బాధ నా సొంతం, ఎవరికీ చెప్పను’ అని ఆమెను కూర్చోమనడానికి నేనెవరు? ఆమె మాట్లాడాలి. చేయాల్సింది ఆ మాటని పాఠం కాకుండా సాక్ష్యంగా ఉంచడం. కోర్టులో సాక్షి తను చూసింది చెప్తాడు. చూడనిది చూడలేదని చెప్తాడు. తీర్పు చెప్పడు. సాక్షి తీర్పు కూడా చెప్పేస్తే వాడి సాక్ష్యం విలువ పోతుంది.

చివరికి నేనేమీ రాసివ్వలేదు. ఫోన్లోనే గంట సేపు ఆమె చెప్తుంటే విన్నాను. ఆమె ఏం చెప్పదలుచుకుందో అందులోనే ఉంది. స్కూల్లో అదే చెప్పిందట. వాడు ఎట్లా చనిపోయిండో నాకు పూర్తిగ తెల్వదు అని మొదలుపెట్టిందట. వాడికి బెండకాయ పులుసంటే పానం అని, నాయిన పోయినప్పుడు ఏడవలేదని, ఆ తర్వాతే మారిండని. చనిపోయే ముందు ఏడాది దసరాకి వచ్చినప్పుడు వాడే నోరు తెరిచి, అమ్మా నేను ఇట్ల చేస్తున్న, ఆపుదమంటే అయితలేదు అని చెప్పాడని. ‘అప్పుడు నేను వాణ్ణి చూసి ఏడ్వలే. ఊళ్ళె మొకం ఎట్ల చూపియ్యాలె అని ఏడ్చిన. మళ్ళ వాడు నాకేం చెప్పలే.’

ఆమె ముగించాక ఒక పిల్లవాడు లేచి అడిగాడట: ‘మా నాయిన తాగుతడు. ఆపుమని ఎట్ల చెప్పాలె?’ మత్తు మీద సభ పెట్టిన పెద్దవాళ్ళకి ఆ ప్రశ్న ఎదురుచూడనిది. పిల్లల్ని డ్రగ్స్ నుంచి కాపాడదామని వచ్చారు, పిల్లలేమో ఇంటికి తాగొచ్చే తండ్రుల నుంచి కాపాడమంటున్నారు. మనం ‘డ్రగ్స్’ అనగానే పబ్బులూ పౌడరూ గుర్తుకొస్తాయి. పల్లెలో మత్తు అంటే బెల్టు షాపు, కల్తీ కల్లు, ఆ తర్వాతే గంజాయి. 2015లో నిజామాబాద్ ప్రాంతంలో కల్తీ కల్లు మీద దాడులు జరిగి అది దొరక్కపోయేసరికి జనం ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో ఆసుపత్రులకు చేరారు. అందులో కలిపే ఆల్ప్రాజోలం, డైజీపాం లాంటి మందుల్ని ఒక్కసారిగా ఆపితే అలాగే అవుతుంది. అలవాటైన వాడికి ‘మానెయ్’ అన్న నీతి చాలదు, డాక్టరు కావాలి. ఇది తెలియని పాఠం ప్రమాదకరం కూడా.

ఇంతకీ పాఠం ఎవరికి? తెలుగు నేల మీద ఒక ఇంటి నష్టం పాఠమై నిజంగా కదిలించిన సందర్భం ఒకటుంది. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడిలో చదువు నేర్చుకునే ఆడవాళ్ళ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. సారా వల్ల నాశనమైన ఒక ఇల్లాలి బతుకు. దాన్ని చదివిన వాళ్ళు, అయ్యో సీతమ్మ అని ఊరుకోలేదు. ఇది నా కథే అన్నారు. దూబగుంటలో సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు అందరికీ తెలిసింది అలాగే. ఆ గెలుపు ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అని మళ్ళీ ఇంకో పాఠమై మిగతా ఊళ్ళకి పాకింది. 1992లో సారా వేలంపాటల్ని అడ్డుకుని మళ్ళీ మళ్ళీ వాయిదా వేయించారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధం తెచ్చింది.

సీతమ్మ కథకీ ముకేశ్ ప్రకటనకీ తేడా ఎక్కడుంది? రెండూ నష్టం గురించే. రెండూ ప్రభుత్వం ఆమోదించినవే. సీతమ్మ కథ చదివిన వాళ్ళు నలుగురు కూర్చుని మాట్లాడుకున్నారు, హాల్లో మనం చీకట్లో ఒంటరిగా చూశాం. అది ఒక తేడా. అసలు తేడా ఇంకోటి. సీతమ్మ కథ తాగేవాడి వైపు వేలు చూపి ఆగలేదు. సారా ఎవరు కాస్తున్నారు, ఎవరు వేలం వేస్తున్నారు, ఆ డబ్బు ఎవరి ఖజానాకి పోతోంది అని అడిగేదాకా పోయింది.

మా పాత నల్గొండ జిల్లాలోనే ఇంకో ఉదాహరణ ఉంది. ఫ్లోరైడ్ నీళ్ళతో ఒళ్ళంతా వంకర్లు పోయిన అంశాల స్వామిని జలసాధన సమితి దుశ్చర్ల సత్యనారాయణ ఢిల్లీ తీసుకెళ్ళి ప్రధాని వాజ్‌పేయి ముందు బల్ల మీద పడుకోబెట్టాడు. ఒక మనిషి బాధని ప్రదర్శనకు పెట్టడమే అది, ఒప్పుకుంటాను. కానీ స్వామిని పల్లెపల్లెకీ తిప్పి ‘చూశారా పిల్లలూ, ఈ నీళ్ళు తాగకండి’ అనలేదు. వేరే నీళ్ళు లేని చోట ఆ మాట ఎంత క్రూరంగా ఉంటుంది! నీళ్ళివ్వాల్సిన వాడి బల్ల మీదికే పాఠాన్ని తీసుకెళ్ళారు.

ఇప్పుడు జరిగే సదస్సుల్లో వేలు ఒక్క వైపే తిరిగి ఉంటుంది. విజయవాడ హైవే మా జిల్లా మధ్యలోంచి పోతుంది. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల నుంచి హైదరాబాదుకూ, అక్కడి నుంచి ఇంకా దూరానికీ పోయే గంజాయి పట్టుబడిన వార్త మా జిల్లా పేజీలో కొత్త కాదు. 2023లో రాష్ట్రం నార్కోటిక్స్ బ్యూరో పెట్టింది, 2025లో దాన్నే ఈగల్ అన్నారు. మంచిదే. కానీ స్టేజీ మీద అడగాల్సిన ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. పదో తరగతి తర్వాత ఈ పిల్లలు సాయంత్రాలు ఎక్కడ గడపాలి? తండ్రి పోయి మాట్లాడటం మానేసిన పిల్లవాణ్ణి మొదట గమనించాల్సింది ఎవరు? మానాలనుకున్నవాడు ఏ ఆసుపత్రి మెట్లు ఎక్కాలి? 14446 అని ఒక జాతీయ హెల్ప్‌లైన్ ఉందని, 1985 నాటి ఎన్డీపీఎస్ చట్టంలోనే 64ఏ అని ఒక సెక్షన్ ఉందని, వాడకం వరకే కేసున్నవాడు తనంతట తానే చికిత్సకి వస్తే విచారణ నుంచి మినహాయింపు పొందొచ్చని ఎన్ని ఫ్లెక్సీల మీద రాసి ఉంది? జైలు ఊచల బొమ్మ మాత్రం ప్రతిదాని మీదా ఉంటుంది.

ఇదంతా వాడేవాడి బాధ్యతని కడిగేయడం కాదా అని ఎవరైనా అనొచ్చు. కాదు. మా తమ్ముడు తన చేత్తోనే తాగాడు, ఎవరూ నోట్లో పోయలేదు. వాణ్ణి పూర్తి మనిషిగా చూడటమంటే ఆ మాట కూడా చెప్పడమే. కానీ తప్పు చేసినవాడు తప్పు తెలిసి నోరు తెరిచిన రోజు కూడా ఒకటుంది. ఆ రోజు ఎదురుగా ఉన్నవాళ్ళం ఏం చేశామన్నది కూడా కథలో ఉండాలి. ఒకటి చెప్పి రెండోది దాచిపెడితే అది అర్ధసత్యమే.

దూబగుంట పాఠం కూడా శాశ్వతం కాలేదు. 1997లో మద్య నిషేధం ఎత్తేశారు. ఆ తర్వాత మద్యం మీద వచ్చే రాబడి లేకుండా బడ్జెట్ వేసుకున్న ప్రభుత్వాన్ని రెండు రాష్ట్రాల్లోనూ నేను చూడలేదు. కాబట్టి నష్టం పాఠమైతే చాలు, లోకం మారిపోతుందని నేననను. ఆ ఆడవాళ్ళు గెలిచినా ఓడినా అడగాల్సిన వాళ్ళను అడిగారు, అంతే.

చందమామలో బేతాళ కథలు చదువుకున్న తరానికి ఈ విషయం చిన్నప్పుడే తెలియాలి. విక్రమార్కుడి భుజం మీదున్నది శవం. కథ చెప్పేది అదే. కథ అయిపోగానే అది నీతి చెప్పదు, ప్రశ్న అడుగుతుంది. అదీ కథలోని వాళ్ళను కాదు, తనను మోస్తున్న రాజుని. తెలిసి కూడా జవాబు చెప్పకపోతే పగిలేది రాజు తలే.